ఇంకో బస్తా

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండేది కానీ, దుకాణం బోర్డు మీద తప్ప అది ఎక్కడా చెలామణిలో లేదు. అందరూ ఆయన్ని ఇంకోబస్తా అనే అంటారు. సిమెంటు వ్యాపారి. గోడ బీటలిచ్చిందని ఎవరైనా మొరపెట్టుకుంటే ఇంకో బస్తా వేసి ఉండాల్సింది అంటాడు. బీటలేవీ లేవని చెప్పినా, ఎందుకైనా మంచిది, ఇంకో బస్తా వెయ్యమంటాడు. సరుకు అమ్ముకోవడానికి అలా అంటాడని గిట్టనివాళ్ళు చెప్పుకుంటారు. అది అన్యాయం. ఆయన ఆ మాటను మనస్ఫూర్తిగా నమ్మాడు. నమ్మిన మాట ప్రకారమే సొంత ఇల్లు కట్టుకున్నాడు. ఫలితం ఇంట్లోవాళ్ళు అనుభవిస్తున్నారు.

ఆ ఇంటి గోడలో మేకు దిగదు. మేకులు వంకర్లు పోయాయి, సుత్తి పిడి ఊడింది, డ్రిల్లింగ్ మిషను పట్టుకొచ్చిన కుర్రాడు మిషను ముక్కు విరగ్గొట్టుకుని గోడకో దండం పెట్టి వెళ్ళిపోయాడు. అందుకని ఆ ఇంట్లో ఫోటోలన్నీ కుర్చీల్లో కూర్చుంటాయి. తాతగారి ఫోటోది పడక్కుర్చీ. నాయనమ్మది చేతుల కుర్చీ. కొడుకూ కోడలి పెళ్ళి ఫోటో పెద్దది కాబట్టి సోఫాలో సగం దానిదే. చుట్టాలెవరైనా వస్తే ముందు పెద్దలను మర్యాదగా లేపి, వాళ్ళను ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. కాఫీ తాగేటప్పుడు తాతగారి మొహం మీద ఒలక్కుండా చూసుకోవడం ఆ ఇంటికి వచ్చేవాళ్ళకు అలవాటైన విద్య.

అలాంటి ఇంటికి కోడలుగా వచ్చిన అమ్మాయి చేసే పని ఏమిటో వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఇటుకా ఇనుమూ సిమెంటూ తయారై ఇంటిదాకా వచ్చేసరికి వాటివల్ల గాలిలోకి ఎంత కార్బన్ పోయిందో లెక్కగట్టడం, దాన్ని తగ్గించే దారి కనిపెట్టడం ఆమె ఉద్యోగం. పెళ్ళిచూపుల్లో ఇంకోబస్తా ఏం చేస్తుంటావమ్మా అని అడిగితే, సిమెంటు మీద పరిశోధన చేస్తానండీ అంది. ఆయన ఆ తర్వాత మాట వినలేదు. సంబంధం ఖాయమని అక్కడికక్కడే చెప్పేశాడు. ఆ పరిశోధన సిమెంటు వాడకం తగ్గించడానికని ఆయనకు పెళ్ళయ్యాక తెలిసింది.

తెలిసిన రోజున భోజనాల దగ్గర కాస్త రభస జరిగింది.

"సున్నపురాయిని కొలిమిలో కాలిస్తేనే సిమెంటు వచ్చేది మామయ్యా. కాల్చే బొగ్గు పొగ ఒకటి, కాలిన రాయిలోంచి వచ్చే వాయువు ఇంకొకటి. బస్తా సిమెంటు తయారయ్యేసరికి బస్తాకు కాస్త తక్కువ బరువు కార్బన్ వాయువు గాల్లో కలుస్తుంది" అంది కోడలు.

"నా దుకాణంలో ఏనాడూ పొగ రాలేదే" అన్నాడాయన, నిజాయితీగా.

అమ్మాయి చెడ్డది కాదు. కనిపించిందల్లా కొలుస్తుంది, అంతే. అత్తగారు సరదాకి రోలు సంగతి అడిగితే రోలుకీ లెక్క చెప్పింది. ఒక ఆదివారం టేపు పట్టుకుని ప్రహరీ గోడ చుట్టూ తిరిగి, ఇంత గోడకు పట్టిన సిమెంటు తయారవడానికి వచ్చిన పొగ, ఒక లారీ ఏడాది పొడుగునా తిరిగితే వచ్చినంత ఉందని తేల్చింది. ఇంకోబస్తా ఆ పూట అలిగాడు. మర్నాటి నుంచి దుకాణానికి వచ్చిన ప్రతివాడితోనూ "మా ప్రహరీ గోడ ఒక లారీతో సమానం, మా కోడలే లెక్కగట్టింది" అని గొప్పగా చెప్పుకోవడం మొదలెట్టాడు. ఆయనకు ఆడపిల్లలు లేరు. ఆ అమ్మాయి వచ్చాక ఇంట్లో తన మాటకు ఎదురు చెప్పే మనిషి, అదీ ప్రేమగా ఎదురు చెప్పే మనిషి, ఒకరు దొరికారు. కోడలంటే ఆయనకు ప్రాణం. ఆ సంగతి ఆయన తప్ప అందరూ ఎరుగుదురు.

ఇలా ఉండగా మేడ మీద ఒక గది వెయ్యాల్సి వచ్చింది. కోడలి ఆఫీసులో ఆమె ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కొత్తగా కట్టబోయే ఆస్పత్రి వార్డుకు తక్కువ కార్బన్ కాంక్రీటు వాడాలని అక్కడ ఆలోచన ఉంది. ఆమె తయారుచేసిన పాళ్ళతో ముందు ఒక నిజమైన శ్లాబు వేసి చూపిస్తే, అది పరీక్షకు నిలిస్తే, ఆ పాళ్ళే వార్డుకు వాడతామనీ ఉద్యోగం కూడా ఖాయం చేస్తామనీ పై అధికారి మాట ఇచ్చాడు. మన మేడ మీద గది వేద్దాం మామయ్యా అని ఆమె అడిగింది. సిమెంటు సగానికి తగ్గించి, దాని చోట కాల్చిన బంకమట్టి, సున్నపురాతి పొడి, బొగ్గు బూడిద కలపడం ఆమె పద్ధతి.

"బూడిదతో గిన్నెలు తోముతారమ్మా, ఇళ్ళు కట్టరు" అన్నాడు మామగారు.

భార్య ఊరుకోలేదు. ఆవిడ భర్తకు ఎదురు చెప్పేది తక్కువ, చెప్తే తిరుగుండేది కాదు. అమ్మాయి అడిగిన గది వేస్తారా, లేక తాతగారిని ఒళ్ళో పెట్టుకుని ఈ రోజు నుంచి మీరు నేల మీద కూర్చుంటారా అని అడిగింది. గది ఖాయమైంది.

పాత మేస్త్రీనే పిలిచారు. చెవి మీద పెన్సిలు, నోట్లో మాట తక్కువ, పనిలో పట్టింపు ఎక్కువ ఉన్న మనిషి. ఆయన వంశంలో ఒక కట్టుబాటు ఉంది. శ్లాబు కింద ఆనించిన చెక్కలూ కర్రలూ విప్పే రోజున, పాళ్ళు నిర్ణయించిన మనిషి ఆ శ్లాబు కింద నిలబడాలి. తన పని మీద తనకు నమ్మకం లేకపోతే ఇంకొకడు దాని కింద ఎలా కాపురం చేస్తాడన్నది వాళ్ళ తాత వాదన. ఇన్నాళ్ళూ మేస్త్రీయే నిలబడేవాడు.

"ఈసారి పాళ్ళు నావి కావు. అమ్మాయిగారివి. కట్టుబాటు కట్టుబాటే" అన్నాడు మేస్త్రీ, నసుగుతూ.

కోడలు జడలో పెన్ను గుచ్చుకుంటూ, నేనే నిలబడతాను, అందులో ఏముంది అంది.

ఆమెకు ఏమీ లేకపోవచ్చు. ఇంకోబస్తాకు మాత్రం ఆ క్షణం నుంచి అన్నం సయించలేదు. బూడిద శ్లాబు కింద ఆ పిల్ల తల ఎత్తి నవ్వుతూ నిలబడటం, పైనుంచి బరువంతా దిగడం కళ్ళు మూసినా తెరిచినా కనిపించేది. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం ఆయన వల్ల కాదు. నిలబడొద్దంటే ఆమె వినదు. ఇక మిగిలింది ఒకటే దారి. అది ఆయనకు పుట్టుకతో తెలిసిన దారి.

శ్లాబు వేసే రోజు తెల్లవారుతుండగా, కూలీలు రాకముందు, ఆయన దుకాణం నుంచి ఒక సిమెంటు బస్తా భుజాన వేసుకుని మేడెక్కాడు. ఇసుక కుప్పలో మొత్తం గుమ్మరించి, పారతో తిరగేసి, పైన మళ్ళీ ఇసుక కప్పాడు. కుప్ప మరీ కొత్తగా కనిపిస్తోందని అనుమానమొచ్చి, వేళ్ళు ముడిచి, పిల్లి నడిచినట్టు దాని మీద అడుగులు కూడా వేశాడు. అడుగులు బాగా వచ్చాయి. కాసేపు నిలబడి వాటినే మెచ్చుకుని కిందికి దిగాడు.

కోడలు ఆ రోజంతా కాంక్రీటు కలిపే మిషను పక్కనే నిలబడి ప్రతి తట్టా తూకం వేయించింది. పరీక్ష కోసం అచ్చుల్లో కాంక్రీటు నింపి దిమ్మలు పోయించింది. ఇసుక దగ్గర ఒకసారి ఆగి, మనింట్లో పిల్లి లేదే అని మాత్రం అంది. ఇంకోబస్తా ఆకాశం వైపు చూశాడు.

తర్వాత శ్లాబుకు నీళ్ళు పట్టడం, ఎదురుచూడటం అయ్యాయి. కర్రలు విప్పే రోజు వచ్చింది. కోడలు కొత్త గదిలోకి వెళ్ళి నడిమధ్యన నిలబడింది. గుమ్మంలో ఇంకోబస్తా, పక్కన భార్య, ఆమె పక్కన కొడుకు. మేస్త్రీ ఒక్కొక్క కర్రా తీస్తున్నాడు. ఎవరి మొహంలోనూ ఆందోళన లేదు. ఇంకోబస్తా చేతులు వెనక కట్టుకుని చల్లగా నవ్వుతున్నాడు. అత్తగారు చెంగుతో విసురుకుంటూ కూరగాయల సంగతి మాట్లాడుతోంది. కొడుకు ఆవలించాడు. చివరి కర్ర తీశారు. శ్లాబు కొండలా కదలకుండా నిలబడింది.

కోడలు బయటికొచ్చి అందరి మొహాలూ చూసింది. ఆమె కళ్ళు నీళ్ళతో నిండాయి. "నాకే గుండె దడదడలాడింది. మీరెవ్వరూ కొంచెమైనా భయపడలేదు. నా మీద ఇంత నమ్మకం ఉందని నాకు తెలియలేదు మామయ్యా" అంది.

ఇంకోబస్తాకు ఏదో గుచ్చుకున్నట్టయింది. అయినా పిల్ల క్షేమంగా బయటికొచ్చిందిగా, అదే పదివేలు అనుకుని సర్దుకున్నాడు.

సర్దుకోవడానికి వీల్లేని రోజు కొన్నాళ్ళకు వచ్చింది. దిమ్మలను ఆఫీసులో మిషను కింద పెట్టి నలిపి చూశారు. దిమ్మ నలగలేదు, మిషనే మూలిగింది. దాన్ని నడిపేవాడు తలుపు చాటుకు పరిగెత్తాడు. ఇంత తక్కువ సిమెంటుతో ఇంత గట్టి కాంక్రీటు ఎవరూ ఎప్పుడూ చూడలేదని ఆఫీసంతా ఆమె చుట్టూ మూగిందట. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె ఇదంతా చెప్పి, అసలు విషయం చివర చెప్పింది. బలం అవసరానికి మించి ఉంది కాబట్టి, ఆస్పత్రి వార్డుకు ఉన్న సిమెంటులో కూడా ఇంకో సగం తగ్గించేయమని అధికారి అన్నాడు. రేపు కాగితాలు వెళ్తున్నాయి.

ఇంకోబస్తా కలిపిన ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాడు. ఆస్పత్రి వార్డు. మంచాల మీద లేవలేని రోగులు. వాళ్ళ నెత్తిన శ్లాబు. దాంట్లో సిమెంటు ఉండాల్సినదాంట్లో సగం. మిగతా బలమంతా మేడ మీద ఇసుకలో పిల్లి అడుగుల కింద ఉంది. సహాయం కోసం భార్య వైపు చూశాడు. ఆవిడ కంచంలో మెతుకులను పరీక్షగా చూస్తోంది. కొడుకు గ్లాసు దించకుండా నీళ్ళు తాగుతున్నాడు. తన మీద వీళ్ళకు అనుమానం వచ్చిందన్నమాట అనుకుని ఇంకా కుంగిపోయాడు.

తెల్లారింది. కోడలు బ్యాగు తగిలించుకుని బయల్దేరబోతోంది. మేస్త్రీ తన చెక్కలు పట్టుకుపోవడానికి వచ్చి వాకిట్లో ఉన్నాడు. ఇంకోబస్తా తాతగారి ఫోటోను గుండెలకు హత్తుకుని, పడక్కుర్చీ పక్కన నిలబడ్డాడు. పెద్దవాళ్ళు దగ్గరుంటే ధైర్యంగా ఉంటుందని ఆయన ఆశ.

"అమ్మాయ్, ఆ కాగితాలు పంపకు. ఆ శ్లాబు నీ పాళ్ళతో నిలబడింది కాదు. ఇసుకలో నేనొక బస్తా సిమెంటు కలిపాను."

కోడలు బ్యాగు కింద పెట్టింది. "అయితే ఆ పిల్లి మీరేనా?"

"నేనే తల్లీ."

ఆమె ఇంకేమీ అనకముందే వెనకనుంచి భార్య గొంతు వినిపించింది. ఒక్క బస్తాకు మిషను మూలుగుతుందా, నేనూ పోశాను అంది ఆవిడ. శ్లాబు పనికి నీళ్ళు తెస్తున్నట్టు నెత్తిన బిందె పెట్టుకుని మేడెక్కిన మాట నిజమే. బిందెలో నీళ్ళు లేవు, సిమెంటు ఉంది. అది కూడా భర్త దుకాణంలోదే. కోడలు తన భర్త వైపు తిరిగింది. ఎవరూ అతన్ని అడగలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అతను తన ఆఫీసు బ్యాగు వెనక్కి దాచాడు. ఆ బ్యాగు ఇన్నాళ్ళుగా బూడిద రంగులో ఎందుకుందో అప్పుడు అందరికీ అర్థమైంది.

వాకిట్లో మేస్త్రీ దగ్గాడు. "నా భోజనం క్యారేజీ ఆ రోజు కాస్త బరువుగా ఉండేది అమ్మాయిగారూ" అన్నాడు. కట్టుబాటు ప్రకారం ఆమెను కింద నిలబెట్టింది తనే కాబట్టి, నాలుగు గిన్నెల నిండా సిమెంటు తెచ్చి, ఆమె ఫోను మాట్లాడటానికి పక్కకు వెళ్ళినప్పుడల్లా మిషనులో ఒక గిన్నె పోశాడట. ఆ పూట పస్తున్నాడు కూడా.

కోడలు కుర్చీలో ఉన్న నాయనమ్మ ఫోటోను తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెన్నుతో అరచేతిలో ఏవో అంకెలు వేసింది. ఊళ్ళో ఏ గదికీ ఇంత కార్బన్ పట్టి ఉండదు, మామూలుగా కట్టుకున్నా ఇంతకంటే తక్కువే అయ్యేది అంది. ఆ మాటకు కొడుక్కి నవ్వొచ్చింది గానీ ఆమె మొహం చూసి మింగేశాడు.

"మీరంతా నిశ్చింతగా నిలబడితే నా మీద నమ్మకం అనుకున్నాను మామయ్యా" అంది ఆమె నెమ్మదిగా. "మీ బస్తా మీద అని తెలియలేదు."

ఆమె వెళ్ళిపోయింది. ఇంకోబస్తా తాతగారి ఫోటోను కుర్చీలో దించడం కూడా మర్చిపోయి అలాగే నిలబడ్డాడు. బీటలిచ్చిన వాటికి ఆయన దగ్గర ఎప్పుడూ ఒకటే మందు ఉండేది. ఇప్పుడు బీటిచ్చింది ఆ మందువల్లే.

ఆమె జరిగింది చెప్తే అధికారి మొదట విరగబడి నవ్వాడట. తర్వాత నవ్వు ఆపి, వార్డు కాగితాలు పక్కన పెట్టి, ఇంకొక్క అవకాశం ఇస్తాననీ, ఈసారి తేడా వస్తే ఆమె వేరే ఉద్యోగం చూసుకోవాలనీ చెప్పాడు. మేడ గది ముందు చిన్న వసారా ఒకటి మిగిలింది. దాని గోడలు ఆమె చెప్పిన మట్టి ఇటుకలతో కట్టి, సున్నం పూత పూసి, పైన ఆమె పాళ్ళతో శ్లాబు వెయ్యాలి.

ఆ శ్లాబు వేసే రోజున ఇంకోబస్తా ఎవరూ అడక్కుండానే దుకాణానికి తాళం వేసి, తాళంచెవి కోడలి చేతిలో పెట్టాడు. ఆయన ఒంటి మీద ఎప్పుడూ సిమెంటు ధూళి ఉంటుంది. తుమ్మితే ఎక్కడ ఎగిరి కాంక్రీటులో పడుతుందోనని తలంటుకుని, చొక్కా జేబులు తిరగేసి వీధిలో దులుపుకుని, మళ్ళీ స్నానం చేసి వచ్చాడు. అంత అవసరం లేదు మామయ్యా అంది ఆమె. చాలా రోజుల తర్వాత ఆమె పెదాలు కొంచెం కదిలాయి.

మేడ మీద ఎదురుగా కుర్చీలు వరసగా వేయించింది. తన కళ్ళ ముందు అందరూ కూర్చోవాలి. కుర్చీల్లో ఎప్పుడూ ఉండేవాళ్ళు కూడా వచ్చారు. ఇంకోబస్తా ఒళ్ళో తాతగారు, భార్య ఒళ్ళో నాయనమ్మ, కొడుకు ఒళ్ళో పెళ్ళి ఫోటో. మేస్త్రీ పని చేయాలి కాబట్టి అతన్ని వదిలింది గానీ, క్యారేజీ గిన్నెలన్నీ విప్పించి చూసింది. ప్రతి తట్టా మిషనులో పడుతుంటే ఇంకోబస్తా చేతులు వాటంతట అవే లేచేవి. తాతగారి ఫోటో చట్రాన్ని గట్టిగా పట్టుకుని వాటిని అణచుకున్నాడు. మిషను ఆగేసరికి ఆ చట్రం ఒక మూల ఊడింది.

ఈసారి కర్రలు విప్పకముందే దిమ్మల పరీక్ష చేయించింది కోడలు. ఫలితం వచ్చిన సాయంత్రం ఆయన వీధి గుమ్మంలోనే కాపు కాశాడు.

"ఎంతుందమ్మా బలం?"

"కావలసినంత ఉంది మామయ్యా."

"ఎక్కువేం లేదా?"

"లేదు. కావలసినంత."

కావలసినంత అనేది పొగడ్త అని ఆయన జన్మలో వినలేదు. వార్డుకు కూడా ఆ పాళ్ళే ఖాయం చేయడానికి ఇక ఒక్క తంతే మిగిలింది, కర్రలు విప్పి శ్లాబు చూపించాలి. అధికారే స్వయంగా వస్తున్నాడు. శ్లాబు కింద ఆమె నిలబడాలి. అందులో ఒక్క గరిటెడు సిమెంటు కూడా ఎక్కువ లేదని ఇంట్లో అందరికీ తెలుసు.

కోడలు వసారా మధ్యలోకి వెళ్ళి నిలబడింది. ఈసారి నిశ్చింతగా ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. అత్తగారు కూరగాయల మాట ఎత్తలేదు. కొడుకు గోళ్ళు కొరుకుతున్నాడు. మేస్త్రీ మొదటి కర్ర మీద చెయ్యి వేసి ఆగాడు, ఎందుకంటే ఇంకోబస్తా గబగబా నడిచొచ్చి కోడలి పక్కన నిలబడ్డాడు. ఒక చేతిలో గొడుగు ఉంది. దాన్ని విప్పి, ఇద్దరి నెత్తి మీదా పట్టుకున్నాడు.

"ఎండ లేదు, వాన లేదు. గొడుగెందుకు మామయ్యా?"

"నమ్మకం నీ మీదే తల్లీ. భయం మాత్రం నాది. దాన్ని ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలిగా."

అది చూసి భార్య వచ్చి నిలబడింది. కొడుకూ వచ్చాడు. అంతమందికీ గొడుగు చాలలేదు. అధికారి ఒక అడుగు ముందుకు వేసి, ఆలోచించుకుని, రెండడుగులు వెనక్కి వేశాడు. మేస్త్రీ నిచ్చెనెక్కి కర్రలు తీయడం మొదలెట్టాడు. ఒక్కో కర్ర ఊడినప్పుడల్లా ఇంకోబస్తా గొడుగు ఇంకాస్త కిందికి దించాడు. అయినా కదల్లేదు. చివరి కర్ర వచ్చేసింది. గొడుగు మీద ఏదో టప్పున పడింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని కోడలి చెయ్యి పట్టుకున్నాడు.

పడింది మేస్త్రీ చెవి మీది పెన్సిలు.

శ్లాబు నిలబడింది. కావలసినంత గట్టిగా నిలబడింది. కోడలు మామగారి మొహం చూసింది. చెమటలు కారుతూ, పాలిపోయి, కళ్ళు ఇంకా సగమే తెరిచిన ఆ మొహాన్ని చూసి ఆమెకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. పోయినసారి నవ్విన మొహం కంటే ఇది ఆమెకు ఎంతో నచ్చింది. ఆయన చేతిలోంచి గొడుగు తీసుకుని మడిచింది. పెట్టడానికి చోటు కోసం చూసి, మేస్త్రీని అడిగి సుత్తీ మేకూ తీసుకుని వసారా గోడ మీద ఒక దెబ్బ వేసింది.

మేకు దిగింది. సుత్తి విరగలేదు, ఎవరూ దండం పెట్టలేదు. ఆమె దానికి గొడుగు తగిలించింది.

ఇంకోబస్తా దగ్గరికెళ్ళి మేకును వేలితో లాగి చూశాడు. ఊడలేదు. గోడను అరచేత్తో తడిమాడు. ఇల్లు కట్టిన నాటి నుంచి ఆ ఇంట్లో దిగిన మొదటి మేకు అది. కిందికి వెళ్ళి, మూల ఊడిన చట్రంతో తాతగారి ఫోటోను రెండు చేతులా పట్టుకుని పైకి వచ్చాడు. గోడ మీద మంచి చోటు చూసుకున్నాడు. కోడలి వైపు చెయ్యి చాపాడు.

"ఇంకో మేకు ఇటివ్వమ్మా."